తవిటమ్మను కొందరు తిట్టాలి

నమోదు ఒకటి

గాలి దక్షిణం నుంచి, మెత్తగా.

ఇది గోడలూ కుళాయిలూ నడిపే కంపెనీకి పెట్టుకునే అర్జీ కాదు. అక్కడ న్యాయం దొరుకుతుందనుకునేంత వెర్రిదాన్ని కాను. సాయంత్రం పూట బిందె పట్టుకుని గోడ ముందు నిలబడే మీ అందరికీ చెప్పుకుంటున్న మాట ఇది. నా పేరు సూరాడ ఎర్రమ్మ. ఒడ్డు మునిగాక మెట్ట మీద కట్టిన గోపురాల్లో రెండో దాంట్లో ఉంటాను. నాకు అక్షరం రాదు. ఈ మాటపెట్టె మా ఆయన పడవలోది. వేటకు పోయినప్పుడు వల ఎక్కడ వేశామో చెబితే తనే రాసుకునేది. ముందు గాలి ఎటుందో చెప్పనిదే తెరుచుకోదు, అది దాని పాత అలవాటు. గోడలతో దీనికి తీగ సంబంధం లేదు, చెప్పింది కంపెనీకి చేరదు, అందుకే దీనికి చెబుతున్నాను. నా మాటల్ని పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటుంది. దిద్దుకోనీ. పక్కవాళ్ళతో నడిచిన మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను.

నా మనవరాలు తవిటమ్మ. కొడుకూ కోడలూ ఉప్పెనలో పోయాక నాకు మిగిలింది అదొక్కతే. గోపురం బయట తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు తుడిచేది. తాడు మీద దాని ఊపు చూసి కంపెనీవాళ్ళు కొత్త సీరీస్‌కి పిలిచారు. నాతో చెప్పకుండా పోయింది. కూర వండి, మూత పెట్టి, పోయింది. సీరీస్ ముగిసేదాకా ఇంటికి పంపరట, మాట్లాడనివ్వరట.

డాబా ఎక్కితే సముద్రంలో కంపెనీ ఇనుప దిమ్మె చిన్న చుక్కలా కనిపిస్తుంది. సీరీస్ తీసేది అక్కడే.

మొదటి రోజు మా అంతస్తువాళ్ళంతా బిందెలు తెచ్చుకుని మా ఇంట్లోనే చేరారు. గోడ వెలిగింది, కుళాయి తిరిగింది. చూపు గోడ మీద ఉన్నంతసేపే నీళ్ళు వస్తాయని మీకు చెప్పనక్కర్లేదు. గోడ మీద నా పిల్ల వెండి రెక్కలు కట్టుకుని ఇనుప స్తంభం మీంచి దూకింది. దాని పేరు మెరుపురాణి అట. దాని మీదికి బురదరాయుడని ఒక ఇనుప రాక్షసుడు వచ్చాడు. మనిషి కాదు, యంత్రం. ఒక్కో చెయ్యి మా పాత పడవంత ఉంది.

పక్కింటి దాలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఓలప్పా, మన తవిటేనా ఇది? ఎంత సక్కగుంది."

మా మరిది బైరాగికి ఏదీ నచ్చదు. ఒడ్డున వలలు అల్లుకునే రోజుల నుంచీ అంతే. "ఏటి వదినా, గుంటకి ఆ రెక్కలేటి? ఎండేసిన సావిడాయి సేపల్లాగ యేలాడతన్నాయి. కతేటీ నేదు. ఆ బురదోడే నయం, ఆడి నడకలో ఒక బరువుంది."

"నీ మొకం. నువ్వు దూకు ఆ కంబం మీంచి, సూత్తాం."

"నాను దూకితే ఎవులు సూత్తారు?"

అందరూ నవ్వారు. గోడ అడుగున రంగుల పట్టీ ఉంటుంది కదా, మెచ్చినవాళ్ళకి పచ్చ, గిట్టనివాళ్ళకి ఎరుపు. ఆ రోజు పచ్చా ఎరుపూ కలగాపులగంగా ఉన్నాయి. నేను నవ్వలేదు. దూకినప్పుడు పిల్ల కింది పెదవి కొరుక్కుంది. నొప్పి నిజమైతేనే అది పెదవి కొరుక్కుంటుంది.

నమోదు రెండు

గాలి తూర్పు నుంచి, తేమగా.

అయిదారు భాగాలు గడిచేసరికి జనం మెరుపురాణి వెంట పడ్డారు. మెట్ల మీద ఆడపిల్లలు చీపురుపుల్లలు వీపుకు కట్టుకుని రెక్కలంటున్నారు. ఎప్పుడూ పలకరించని మొదటి గోపురంవాళ్ళు వంతెన దాటి వచ్చి "మెరుపురాణి మామ్మ నువ్వేనా" అని నా చెయ్యి పట్టుకున్నారు. నాకు చలి పుట్టింది.

దాని పేరు కథ మీకు తెలియాలి. దానికి ముందు నా కోడలికి ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ తెల్లగా, బొద్దుగా, చూసినవాళ్ళు రెండోసారి చూసేట్టు ఉండేవాళ్ళు. మూడోది పుట్టగానే నేను దాన్ని చేటలో తవుడు పోసి పడుకోబెట్టాను. ఈ పీడ నాకొద్దు, ఎవరైనా కొనుక్కోండి అని గుమ్మంలోకి తెచ్చాను. దాలమ్మ ఒక దోసెడు తవుడిచ్చి కొంది. మళ్ళీ మేమే దోసెడు తవుడిచ్చి తెచ్చుకున్నాం. దోసెడు తవుడు విలువ చేసే పిల్ల కాబట్టి తవిటమ్మ. ఎవరైనా బాగుందంటే, ఏం బాగు, తారుముద్దలా ఉంది అనేవాళ్ళం. అలా బతికించాను. ఇప్పుడు కంపెనీ ఆ పేరు తీసేసి, వెండి తొడిగి, అన్ని గోపురాల కళ్ళ ముందూ నిలబెట్టింది.

అందుకని దిష్టి తీశాను. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, గోడ మీద పిల్ల మొహం పెద్దగా కనబడినప్పుడల్లా చుట్టూ తిప్పాను. ఇరుగు కళ్ళు, పొరుగు కళ్ళు, ఈ గోపురం కళ్ళు, ఆ గోపురం కళ్ళు అని మూడుసార్లు థూ థూ అని ఉమ్మాను. కణతల దగ్గర మెటికలు విరిచాను. ఇక్కడ నిప్పు పెట్టనివ్వరు కాబట్టి కరెంటు పెనం మీదే మిరపకాయలు వేశాను. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి ఎంత గట్టిగా ఉందో ఆలోచించండి.

దాలమ్మ పక్కనే నిలబడి చూసింది. "ఒక్కదానివి తీత్తే ఏటి సరిపోద్ది? ఊరంతా సూత్తంటే ఊరంతా తియ్యాల."

మర్నాటి నుంచి మా అంతస్తులో ఆడవాళ్ళంతా తీశారు. పై అంతస్తులు అందుకున్నాయి. పిల్ల కనబడగానే గోపురం గోపురమంతా కళ్ళెర్రజేసి గోడ మీద ఉమ్మేది. పట్టీలో ఎరుపు పెరిగింది. పెరిగేకొద్దీ మాకు ధైర్యం వచ్చింది. దిష్టి దిగి ఎర్రగా కిందికి కారుతోందనుకున్నాం. సున్నం, పసుపు కలిపిన నీళ్ళలా అదీ ఎరుపే కదా. ఇంకా గట్టిగా ఉమ్మండి అని నేనే చెప్పాను.

నమోదు మూడు

గాలి అటూ ఇటూ మారుతోంది.

నిన్నటి భాగంలో బురదరాయుడికి కొత్తగా ఇనుప కోర వచ్చింది. దానితో పిల్ల కుడి రెక్క తెంపాడు. అది దిమ్మె మీద పడింది. లేవడానికి చాలాసేపు పట్టింది. వెండి బట్ట మీద నెత్తురు.

దాలమ్మే అంది, "రంగు నీళ్ళేలే ఎర్రీ. గోడలోవన్నీ బొమ్మలే."

"బొమ్మ పెదవి కొరుక్కుంటదా దాలీ?"

పొద్దున చూపుల మేస్త్రి వరదరాజు వచ్చాడు. గోడలు సరిగ్గా చూస్తున్నాయో లేదో చూసే మనిషి. యాభై దాటినవాడు, మెల్లగా మాట్లాడతాడు.

"ఎర్రమ్మగారూ, మీ గోపురానికి ఆ అమ్మాయంటే ఇంత ద్వేషం ఎందుకు?"

నాకు అర్థం కాలేదు. "ద్వేషమేటి బాబూ? నా మనవరాలు."

"మరి ఉమ్ముతున్నారు కదా."

"దిష్టి తీత్తన్నాం."

అతను గోడ వైపు చెయ్యి చూపించాడు. "గోడకి దిష్టి తెలియదమ్మా. ఊపిరి చూస్తుంది, కనుపాప చూస్తుంది, మొహంలో వేడి చూస్తుంది. మీ కళ్ళలో కోపం నిజమైనదే."

"నిజమే. దిష్టి మీద."

"ఎవరి మీదో గోడకి తెలియదు. కోపం నిజమా, నటనా అన్నదే తెలుస్తుంది. కోపమంతా తెర మీద ఉన్నదాని ఖాతాలోనే పడుతుంది."

బిందె కింద పెట్టాను. "ఎరుపు నిండిపోతే ఏటి సేత్తారు?"

"జనానికి గిట్టనిదాన్ని ఉంచరు. పీడ వదిలిందని సంబరపడేట్టు ఒక భాగం తీస్తారు."

"తియ్యడమంటే ఆడడమేనా, నిజంగానా?"

అతను బిందెల వైపు చూశాడు. "ఆ యంత్రం నిజమైనదేనమ్మా," అని మాత్రం అన్నాడు. గోడ తుడవకుండానే వెళ్ళిపోయాడు.

దిష్టి తీయమన్నది నేను. ఉమ్మమన్నది నేను. మా గోపురమంతా కలిసి ఆ కోరకు పదును పెట్టాం.

నమోదు నాలుగు

గాలి దక్షిణం నుంచే, వేడిగా.

ఆ పూటే అంతస్తు అంతస్తూ తిరిగాను. ఉమ్మొద్దు, మెచ్చుకోండి, హారతి పట్టండి అని చెప్పాను. నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఈ గోపురంలో లేరు. రెక్క తెగిన పిల్లను చూసి జనం మనసులు ఎలాగూ కరిగి ఉన్నాయి. పచ్చ పెరుగుతుంటే నా గుండె కుదుటపడింది.

తర్వాత మూడో గోపురం అసిరమ్మ గుర్తొచ్చింది. కిందటి సీరీస్‌లో గాలిదొర అని ఒకడు గోపురాల మీంచి ఎగిరేవాడు, అతను ఆమె కొడుకు. అతన్ని తిట్టినవాళ్ళను నేను చూడలేదు. అంతగా మెచ్చినవాడు ఇప్పుడెక్కడున్నాడో అడుగుదామని వంతెన దాటాను.

అసిరమ్మ ఎండుచేపల బుట్ట సర్దుకుంటోంది. అన్ని గోపురాల్లో తిరిగి అమ్ముతుంది. నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. మంచం కిందనుంచి వెండి రంగు బూట్లు తీసి నా ముందు పెట్టింది.

"ఇయ్యే వొచ్చినాయి. కడిగి పంపినారు."

"అంతమంది మెచ్చుకున్నారు కదే."

"అదే కదప్పా. పట్టీ అంతా పచ్చ అయిపోనాది. సంబరంగా పక్కోళ్ళకి బెల్లం పంచినాను. ఆ మర్నాడే ఆడు పిల్లల బడి కాయడానికి మంటల్లోకి దూకినాడు. గోపురాలన్నీ ఏడిసినాయి. అంత ఏడుపు ఏ సీరీస్‌కీ రానేదని మేస్త్రి సెప్పినాడు." బూట్ల మీద దుమ్ము చెంగుతో తుడిచింది. "ఏడిపించాలంటే అందరూ మెచ్చినోడే కావాల కదా."

ఇంటికి వస్తూ వంతెన మీద ఆగి లెక్క చూసుకున్నాను. అందరూ తిడితే పీడ వదలాలని చంపుతారు. అందరూ ప్రేమిస్తే ఏడిపించాలని చంపుతారు. మా గోపురంలో అప్పటికే పచ్చ సగానికి పైన ఉంది. అది కూడా నేను చెబితే పెరిగిందే.

వరదరాజు కింద మెట్ల దగ్గర కనిపించాడు. కొంగు బిగించి అడిగాను.

"ఎటూ తేలకపోతే ఏటి సేత్తారు బాబూ? సగం మంది మెచ్చి, సగం మంది తిడితే?"

"తేలేదాకా నడుపుతారు," అన్నాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. వెనక్కి తిరగలేదు. "ఇన్నేళ్ళలో ఏ సీరీసూ తేలకుండా ఉండలేదమ్మా. జనం ఎప్పుడూ ఒక వైపుకే ఒరుగుతారు."

నమోదు అయిదు

గాలి తూర్పు నుంచి, ఉప్పు వాసన.

అందరినీ డాబా మీదికి పిలిచాను. అక్కడ గోడలు లేవు.

"పొద్దు పొడిసే వైపు గదులోళ్ళు మెచ్చుకోండి. పడమటి వైపు గదులోళ్ళు కోప్పడండి. కోపం నిజంది కావాల. ఏసం ఏత్తే గోడ పట్టేత్తాది."

బైరాగి బీడీ పక్కన పెట్టాడు. "ఇన్నాళ్ళకి నా నోటికి పనొచ్చింది. రెక్క తెగినాక కూడా ఆ గుంట నడుము అలా నిటారుగా పెట్టుకోడమేటి? ఎవులైనా నమ్ముతారా?"

"అలాగే అను. రోజూ అను."

దాలమ్మది పడమటి గది. మొహం చిన్నబుచ్చుకుంది. "నా సేత్తో తవుడిచ్చి కొన్న పిల్ల. దాని మీద నాకు కోపం ఎలాగొత్తాది ఎర్రీ?"

"కిందటి వానల్లో డాబా మీద నీ ఎండుసేపలు పోనాయి గేపకముందా? కాకులు తిన్నాయని నెల్లాళ్ళు ఏడిసినావు."

"ఉంది."

"కాకులు కాదు."

దాలమ్మ నా మీదికి వంగింది. "నెత్తళ్ళన్నీ?"

"నెత్తళ్ళన్నీ. తాడు మీద యేలాడతా వొచ్చి పట్టుకుపోనాది. నాకూ పెట్టింది. బాగున్నాయి."

"ఓసి దొంగముండా," అంది దాలమ్మ. నన్నో, దాన్నో తెలియలేదు. ఆ సాయంత్రం గోడ ముందు ఆమె కళ్ళు చూడాల్సింది. కారం వేసినట్టున్నాయి.

నాదీ పడమటి గదే. దిష్టి తీసే కోపం ఇప్పుడు రాదనుకున్నాను. పిల్ల మొహం గోడ మీద పెద్దగా కనబడగానే మూత పెట్టిన ఆ కూరగిన్నె గుర్తొచ్చింది. నాతో ఒక్క మాట చెప్పకుండా పోయావే, నేను అడ్డం పడతానని కదా, అవునే, అడ్డం పడేదాన్నే, గుమ్మంలో పడుకునేదాన్ని, నన్ను దాటుకుని పోయేదానివి అనుకున్నాను. ఒళ్ళంతా వేడెక్కింది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే కూడా కోపం తగ్గలేదు. కుళాయి ఆగలేదు. బిందె నిండి పొర్లింది.

పట్టీలో పచ్చా ఎరుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మధ్యలో నిలబడ్డాయి.

గోడ మీద బురదరాయుడు పిల్లను గుప్పిట్లో పట్టుకుని పైకెత్తాడు. ఇనుప వేళ్ళు బిగిశాయి. బిగిసినవి ఆగాయి. నొక్కలేదు, వదల్లేదు. అలా ఆగి ఉండగానే ఆ రోజు భాగం అయిపోయింది.

డాబా ఎక్కి దిమ్మె వైపు చూశాను. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది. అయినా చీకటి పడేదాకా చూశాను.

నమోదు ఆరు

గాలి లేదు.

మా లెక్క పని చేసింది. ఆరు భాగాలు అలాగే నడిచాయి. పట్టుకుంటాడు, వదులుతాడు, పిల్ల పరిగెడుతుంది, మళ్ళీ పట్టుకుంటాడు. పిల్ల మొహం పీక్కుపోయింది. అది బతికి ఉంది. మెట్ల మీద జనం నిజంగానే కొట్లాడుకుంటున్నారు. తూర్పు గదులవాళ్ళు పడమటి వాళ్ళకి అప్పు ఉప్పు కూడా ఇవ్వడం లేదు. బైరాగి మాట విని రెండో అంతస్తులో ఎవరో అతని మీద బిందెడు నీళ్ళు పోశారు. నీళ్ళు పోసేంత కోపమంటే మామూలు కాదని మురిసిపోయాడు.

నిన్న ఈ పెట్టెను బయటికి పంపాల్సిన పని పడింది. ఎందుకో చెబుతాను.

నిన్నటి భాగంలో పిల్ల గుప్పిట్లోంచి ఒక చెయ్యి బయటికి లాక్కుంది. తర్వాత రెండోది. పారిపోతుందనుకున్నాం. అది గోడలోంచి తిన్నగా మా వైపు చూసింది. రెండు చేతులూ చాపి, గాలిలో ఎవరి మొహాన్నో నిమిరినట్టు నిమిరి, తన కణతల దగ్గర పెట్టుకుని మెటికలు విరిచింది. దిష్టి నాకు తీసింది. ఎవరో మోసుకెళ్ళి చెప్పారో, నా సంగతి దానికి తెలుసో, నేను చెప్పలేను. మామ్మా, నీకేమీ కాకూడదు అన్నట్టుంది దాని మొహం.

చేపల బెంగ మరిచిపోయి దాలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. బైరాగి తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. "పాడు గుంట, ఇలాగ సేత్తే నాను ఏటి అనగలను వదినా," అన్నాడు తువ్వాలు లోంచి.

ఆ మెటికలు అన్ని గోపురాల గోడల మీదా విరిగాయి. అన్ని ఇళ్ళలోనూ మనసులు కరిగాయి. ఇప్పుడు పట్టీ చూడండి. ఎరుపు ఒక గీతలా అడుగున మిగిలింది. మిగతాదంతా పచ్చ. రేపు ఆఖరి భాగమని కంపెనీ పొద్దుటి నుంచి ప్రతి గోడ మీదా వేస్తోంది. వంతెనల మీద మెరుపురాణికి దండలు కడుతున్నారు. కింద ఎవరో బెల్లం పంచుతున్నారు.

నా ఒక్క గోపురం చాలదు. అందుకే పెట్టె ఈ పూట అసిరమ్మ చేపల బుట్టలో మీ గోపురానికి వస్తోంది. ఆమె ఏ గుమ్మమైనా ఎక్కుతుంది, ఎవరూ ఆపరు. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి పెట్టండి. విన్నాక పక్క అంతస్తుకి పంపండి.

మీరు నా పిల్లను ప్రేమిస్తున్నారని నాకు తెలుసు. మీ ప్రేమకు దణ్ణం. రేపు సాయంత్రం తూర్పు గదుల్లో ఉన్నవాళ్ళు అలాగే ప్రేమించండి. పడమటి గదుల్లో ఉన్నవాళ్ళు కోప్పడాలి. దాన్ని చూస్తే కోపం రావడం లేదంటారు. నాకూ రావడం లేదు, నిన్నటి నుంచి కూరగిన్నె గుర్తు తెచ్చుకున్నా రావడం లేదు. ఎవరి మీదో గోడకి తెలియదు. కోపం నిజమైతే చాలు.

ఒకప్పుడు మీకు ఒడ్డు ఉండేది. తలుపు తీస్తే బావి ఉండేది. దాహమేస్తే చేద వేసి తోడుకునేవాళ్ళు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. రేపు గోడ వెలిగినప్పుడు ఖాళీ బిందె పట్టుకుని దాని ముందు నిలబడండి. ఎందుకు నిలబడ్డారో ఒక్కసారి తలచుకోండి. కళ్ళు మాత్రం గోడ మీంచి తిప్పకండి.